ఎగైలాలో స్వెట్టరు

మే నెలాఖరు. బయట 46 డిగ్రీలు. మా ఆవిడ సోఫాలో స్వెట్టరు వేసుకుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఏసీ 24 మీద ఉంది. నేను 20 చేశాను. ఆమె 26 చేసింది. నేను మళ్ళీ 20. కువైట్‌లో కరెంటు చౌక, అదీ మా అద్దెలోనే కలిసిపోతుంది. చేతిలో డబ్బు పోని యుద్ధం గనక ఎగైలాలో మా రెండు గదుల వాటాలో అది నెలల తరబడి సాగింది.

అంత ఎండలో స్వెట్టరు వేసుకున్న మనిషిని పక్కన పెట్టుకుని నేనేం చేస్తున్నానంటే, ఫోన్లో నా జబ్బు గురించి చదువుకుంటున్నాను.

నా జబ్బు పేరు అడ్రినల్ ఫటీగ్. ఒకరోజు అర్ధరాత్రి ఒంటిగంటకి ఒక వీడియోలో దొరికింది. పొద్దున్నే లేవబుద్ధి కాదా? మధ్యాహ్నం మూడింటికి కళ్ళు మూతలు పడతాయా? ఉప్పుగా ఏదైనా నమలాలనిపిస్తుందా? రాత్రి పదకొండు దాటాక హుషారు పుట్టుకొస్తుందా? జాతకం చెప్పించుకుంటున్నట్టు ప్రతి ప్రశ్నకీ తలూపాను. కిడ్నీల నెత్తిన టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయట, ఒక్కోటి నాలుగైదు గ్రాములు. ఒత్తిడి ఎక్కువైతే అవి పిండేసిన నిమ్మచెక్కలైపోతాయట. ఇన్నాళ్ళూ మా నాన్న దీన్ని బద్ధకం అనేవాడు.

నా ఒత్తిడి సంగతి కూడా చెప్పాలి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకూ ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నిబంధన. రాజంపేట నుంచీ రాయచోటి నుంచీ వచ్చిన మావాళ్ళు ఆ వేళకి ఏ గోడ నీడనో ఒరుగుతారు. నేను మంగఫ్‌లో ఒక ఆఫీసులో, 21 డిగ్రీల చల్లదనంలో ఇన్వాయిసులు చూసుకుంటాను. అలసిపోయినవి మాత్రం నా గ్రంథులు.

జబ్బు వచ్చాక ఎంతో వెసులుబాటు దొరికింది. శుక్రవారం జమియా స్టోరుకి వెళ్ళి సరుకులు తెమ్మంటే "అడ్రినల్" అనేవాణ్ణి. గిన్నెలు కడగమన్నా అదే మాట. దానికి ఇంకో సాకు కూడా చేర్చాను. ఇక్కడ వేసవిలో మిద్దె మీది ట్యాంకు కాగిపోయి, చన్నీళ్ళ కొళాయి తిప్పినా చెయ్యి చుర్రుమంటుంది. ఆ వేడి నా గ్రంథులకి పడదన్నాను. మా ఆవిడ దుప్పటి పక్కన పెట్టి లేచి, తనే కడిగేది. కడుగుతూ, "ఈ నీళ్ళలో చేతులు పెడితే ప్రాణం లేచొస్తుందండీ" అనేది. ఆ మాట విన్నాను. విని, వీడియో ఇంకాస్త ముందుకు జరుపుకున్నాను.

వైద్యం కూడా నాకు నేనే మొదలెట్టాను. నిద్ర లేవగానే గులాబీరంగు ఉప్పు కలిపిన నీళ్ళు ఒక గ్లాసు. ఊరి నుంచి వచ్చే ఒకాయనతో తెప్పించిన అతిమధురం పొడి రోజుకి రెండు చెంచాలు.

ఇక మా ఆవిడ ఒంట్లో జరిగేదానికంతటికీ కువైటే పూచీ. జుట్టు ఊడుతోందా? సముద్రపు నీళ్ళని శుద్ధి చేసి ఇస్తారు కదా, గల్ఫ్‌లో ఏ తెలుగింటి దువ్వెననడిగినా అదే చెబుతుంది. చర్మం పొడిబారి మడమలు పగిలాయా? ఏసీ గాలి. గొంతు బొంగురుపోయిందా? దుమ్ము తుఫాను. ఒళ్ళొచ్చిందా? ఖుబ్జ్ రొట్టెలు, వారం వారం బిర్యానీ, అడుగు బయట పెట్టనివ్వని ఎండ. మతిమరుపా? ఆదివారం మొదలై గురువారం ముగిసే వారంలో ఏ రోజేదో ఎవరికి గుర్తుంటుంది? ఎంత పడుకున్నా నిద్ర తీరట్లేదా? ఎండాకాలం అందరికీ అంతే. ఒక్కో లక్షణాన్నీ విడిగా పిలిచి విచారించి, నిర్దోషి అని వదిలేశాను. అన్నిటినీ ఒక వరసలో నిలబెట్టి చూడాలని తట్టలేదు. లెక్కలు రాసి బతికేవాణ్ణి, కూడిక రాలేదు. చలికి మాత్రం కువైట్‌ని సాక్ష్యానికి పిలవలేక, అది నా మీద పంతమని తేల్చాను.

ఆ కూడిక చేసింది మా అత్తగారు, రాజంపేటలో కూర్చుని. వీడియో కాల్లో కూతుర్ని చూసి, "ఏందే, మొహం అట్ల ఉబ్బింది? ఆ గొంతేంది?" అంది. తర్వాత నన్ను పిలవమంది. "నాయనా, మా చిన్నమ్మకు ఇట్లనే ఉండె. థైరాయిడ్ చూపియ్యండి." అంతా కలిపి ఒక నిమిషం. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో రక్తపరీక్షలు చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వందమంది పెద్దవాళ్ళలో దాదాపు 11 మందికి థైరాయిడ్ మందగించిందని తేలింది. మా అత్తగారికి అంతమంది అక్కర్లేదు, వాళ్ళ చిన్నమ్మ ఒక్కతే చాలు.

నేనూరుకుంటానా? "అడ్రినల్ నీరసిస్తే దాని వెనకే థైరాయిడూ నీరసిస్తుందత్తయ్యా. ముందు అడ్రినల్‌ని బాగుచేసుకోవాలి, తొందరపడి థైరాయిడ్ మాత్ర వేసుకోకూడదు" అన్నాను. మర్నాడు ఉప్పునీళ్ళు రెండో గ్లాసు కూడా కలిపాను. మా ఆవిడ ఆ గ్లాసు కేసి చూసి, నా కేసి చూసి, చెప్పులేసుకుని క్లినిక్కుకి బయల్దేరింది. వెనకే నేను.

డాక్టరు తమిళావిడ. రక్తపరీక్షలో మా ఆవిడ టీఎస్‌హెచ్ 38 వచ్చింది. సుమారు 0.4 నుంచి 4 మధ్య ఉండాలి. మెదడు కింద పిట్యూటరీ అనే గ్రంథి ఉంటుందనీ, థైరాయిడ్‌ని అది పిలిచే పిలుపే టీఎస్‌హెచ్ అనీ, అవతల పలక్కపోయినకొద్దీ గొంతు పెంచుతుందనీ చెప్పిందావిడ. నాకు వెంటనే అర్థమైంది. వంటింట్లోంచి నన్ను పిలిచే పద్ధతీ అదే. 1912లో హషిమోతో అనే జపాన్ వైద్యుడు వర్ణించిన జబ్బట ఇది. ఒంటిని కాయాల్సిన దళమే థైరాయిడ్ మీద పడుతుంది.

"మరి ముందు అడ్రినల్ కదా డాక్టర్?" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆ మాటలో ఒక నిజం ఉందట. అడ్రినల్ గ్రంథులు నిజంగానే చెడిపోయే జబ్బుని 1855లో లండన్‌లో థామస్ అడిసన్ వర్ణించాడు. ఆ రోజుల్లో ఎక్కువగా క్షయ వల్ల వచ్చేది. మనిషి చిక్కిపోతాడు, బీపీ పడిపోతుంది, చర్మం నల్లబడుతుంది. ఆ జబ్బూ థైరాయిడ్ మందగింపూ ఒకే ఒంట్లో ఉంటే ముందు అడ్రినల్ గ్రంథులిచ్చే కార్టిసాల్ అనే హార్మోన్ లోటు పూడ్చాలి. థైరాయిడ్ మాత్ర పడ్డాక ఒంట్లో కార్టిసాల్ ఖర్చు పెరుగుతుంది. గల్లాపెట్టె ఖాళీగా ఉన్న ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నట్టు, ప్రాణం మీదికొస్తుంది. అరుదైనవాళ్ళ కోసం పెట్టిన ఆ జాగ్రత్తని పట్టుకొచ్చి, ఆవులించిన ప్రతివాడికీ తగిలించారన్నమాట.

డాక్టరు మా ఆవిడనడిగింది. బరువు తగ్గారా? లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయా? ఉప్పు మీద యావ ఉందా?

"నాకుంది" అని చెయ్యెత్తాను.

నా ఉప్పునీళ్ళ చరిత్రా, అతిమధురం చరిత్రా విని ఆవిడ బీపీ పట్టీ నా చేతికి చుట్టింది. 152/98. అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచి బీపీ పెంచుతుందట. లేని జబ్బుకి మందు తాగి ఉన్న జబ్బొకటి తెచ్చుకున్నాను. ఇద్దరికీ ఉదయం ఎనిమిదింటి కార్టిసాల్ చూశారు. ఇద్దరికీ నిక్షేపంగా ఉంది. రిపోర్టు బాగుందని దిగులుపడ్డ మొగుణ్ణి ఆ క్లినిక్కులో అదే మొదటిసారి చూసుంటారు.

ఇంటికొచ్చి రోషంగా వెతికాను. అడ్రినల్ ఫటీగ్ అన్న పేరు 1998లో జేమ్స్ విల్సన్ అనే అమెరికన్ ప్రకృతి వైద్యుడు పెట్టింది. 2016లో ఇద్దరు బ్రెజిల్ వైద్యులు 58 అధ్యయనాలు జల్లించి రాసిన పత్రానికి శీర్షికే 'అడ్రినల్ ఫటీగ్ అనేది లేదు'. లోపలికెళ్ళాక చెప్పినా సరిపోయేది కదా! అలసట అబద్ధమని ఎవరూ అనట్లేదు, దానికి అసలు కారణం వెతుక్కోమంటున్నారు. నా కారణం దిండు కింద చార్జింగులో ఉంది.

వెతుకులాటలో నాకు నచ్చిన ముక్క ఒక్కటే. 1914 క్రిస్మస్ రోజున థైరాయిడ్ హార్మోన్ థైరాక్సిన్‌ని విడదీసిన ఎడ్వర్డ్ కెండాలే, అడ్రినల్ హార్మోన్ల మీద పనికి 1950లో నోబెల్ పంచుకున్నాడు. ఆ రెండు గ్రంథులకీ నిజమైన చుట్టం ఆయన. నేను కుదర్చబోయింది దొంగ సంబంధం.

మా ఆవిడకి రాసిచ్చిన థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ లేదు, టిఫిన్ లేదు. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం. ఇందులో అసలు నష్టం నాకే. మా ఇంట్లో కాఫీ ఆమె లేచినప్పుడే పుట్టేది. ఇప్పుడు నాది నేనే కలుపుకోవాలి, అదీ వాసన హాల్లోకి రాకుండా, వంటింటి తలుపేసుకుని, దొంగలా నిలబడి.

ఏడు వారాలకి 38 కాస్తా 6కి దిగింది. గొంతు మునుపటిది వచ్చింది. పిలిస్తే వినపడనట్టు ఉండటం నాకు కష్టమైపోయింది.

జూలై ఆఖరి శుక్రవారం, బయట 49. ఆమె హాల్లోకొచ్చి, "అబ్బ, ఏం ఉక్కండీ" అని రిమోటు తీసుకుని 20 చేసింది. కాసేపటికి నాకు వెన్నులోంచి చలి మొదలైంది. ఫోను తీసి 'చలి, నీరసం, కారణాలు' అని కొట్టబోతున్నాను. స్వెట్టరు వచ్చి నా ఒళ్ళో పడింది.

"అది చాలకపోతే సింకులో గిన్నెలున్నాయి" అంది మా ఆవిడ. "నీళ్ళు వేడిగానే వస్తున్నాయి."