‘పల్నాడు రైడ్’కు టీకా తాత్పర్యము

మూలము: “బ్రోస్! మే సెకండ్ వీకెండ్ పల్నాడు రైడ్. హైవే బోర్, ఓన్లీ బ్యాక్ రోడ్స్. వీరుల గడ్డ ఎక్స్‌ప్లోర్ చేద్దాం. లోకల్ ఫుడ్. కొంచెం ఆఫ్‌రోడింగ్. సన్‌సెట్ ఎత్తిపోతల. రెంటచింతల జస్ట్ పాస్‌త్రూ.”

అవతారిక: ఇది హైదరాబాదు నివాసియు, మా అన్నగారి కుమారుడును అగు చిరంజీవి తన మిత్రబృందమునకు పంపి, “బాబాయ్, రూటు ఒకసారి చూడు, నువ్వు అక్కడివాడివేగా” అని నా మీదికి తోసిన వాక్యసముదాయము. కొలచాల మల్లినాథసూరి మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య చెప్పినాడు. ఆయన కాపురము రెంటచింతలలో కాదు, ఆయనకు వాట్సాప్ లేదు. కావున ఆ ప్రతిన నాకు వర్తింపదు.

బ్రోస్: సుగమము.

మే సెకండ్ వీకెండ్: కాలనిర్దేశము. మా రెంటచింతలలో వాతావరణ శాఖవారి పరిశీలన కేంద్రమున్నది. అందుచేత ఏటేటా వేసవిలో ఎండల లెక్కలతో ఊరి పేరు పత్రికల కెక్కును. ఇంకే కారణము చేతను ఎక్కదు. భూమి నాపరాతి భూమి. గోడ నాపరాయి, గచ్చు నాపరాయి, దొడ్డి చుట్టు కంచెయు నాపరాతి బండలే. పగలు మింగిన ఎండను ఆ రాయి రాత్రి తీరికగా కక్కును. మధ్యాహ్నము తారు మెత్తబడి బండి సైడు స్టాండు అందులోకి దిగబడును గనుక మావారు దాని క్రింద ఒక నాపరాతి పెచ్చు పెట్టి మరీ టీకి పోదురు. ఈ పెచ్చు చిరంజీవి పంపిన సామగ్రి పట్టికలో లేదు. నల్ల తోలు జాకెట్టు మాత్రము ఉన్నది.

ఓన్లీ బ్యాక్ రోడ్స్: అనగా వాడపల్లి వద్ద కృష్ణ దాటి, పొందుగుల మీదుగా దాచేపల్లి వచ్చి, అచ్చట పెద్దరోడ్డు విడిచి గురజాల వైపు తిరుగుట. ఈ దారులు కొత్తగా కనిపెట్టినవి కావు. పన్నెండవ శతాబ్దమున కోడిపందెములో ఓడి మాచర్ల విడిచిన రాజులు మలిదేవాదులును, వారి మంత్రి బ్రహ్మనాయుడును ఆలమందలు తోలుకొని మొదట మండాదికి, పిదప మేడపికి ఈ పల్నాటి దారులనే పట్టిరి. ఏడేండ్ల వలస. వారు రూటు మ్యాపు స్టేటసులో పెట్టినట్లు ఆ కథ పాడు వీరవిద్యావంతులెవరును పాడగా నేను వినలేదు.

ఇచ్చట ఒక విశేషము. గడువు తీరిన పిదప రాజ్యభాగము అడుగుటకై అలరాజును గురజాలకు రాయబారము పంపిరి. అలరాజు కొమ్మరాజు కుమారుడు. గురజాల నేలు నలగామరాజునకు అల్లుడు. కావున అది రాయబారమే గాక అత్తవారింటి ప్రయాణము కూడ. ఆ ప్రయాణములోనే చర్లగుడిపాడున అతనిని విషము పెట్టి చంపిరి. చేయించినది నలగాముని మంత్రి నాగమ్మ అని కథ. కథ పాడినవారు బ్రహ్మన్న పక్షమువారు. ఆడది మంత్రిత్వము నెరపినదన్న ఉక్రోషము అందులో ఎన్ని పాళ్ళో తూచవలసియే యున్నది. ఒక దిక్కు తండ్రి, ఒక దిక్కు మగడు. ఇద్దరి నడుమ నలిగిన పేరిందేవి మగనితో చితి ఎక్కెను. కారెంపూడిలో కత్తులు లేచినది ఆ పిమ్మట. శ్రీనాథుని పేర నున్న ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చువేసిన నాటినుండి చదివినవారందరును ఆ పోరులోని బాలవీరుడు బాలచంద్రుని దగ్గర ఆగిరి. నా మనసు అలరాజు దగ్గర ఆగినది. చర్లగుడిపాడు నేటికిని గురజాల మండలములో ఉన్నది. వీరుల గడ్డ చూడవచ్చువారికి కత్తి దూసిన చోటు కావలెను; మాట్లాడుటకు పోయి చచ్చినవాని ఊరు అక్కరలేదు.

ఏమి చెప్పుచుంటిని? ఆ, మోటారు సైకిళ్ళు.

లోకల్ ఫుడ్: పైవిశేషము చదివినవారు ఈ పదము దగ్గర జాగ్రత్త పడుదురు గాక. పల్నాటిలో జొన్నకూడు తప్ప గతి లేదని శ్రీనాథుడు ఏడ్చినట్లు చాటువులున్నవి. ఆ జొన్నకే చిరంజీవి నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు వచ్చును. వచ్చినచో దారిలో దొరకునది పరోటా, ఫ్రైడ్ రైస్. సంకటి కావలెనన్న ఒకరి ఇంటి గడప ఎక్కి అడుగవలెను. దానికి పలకరింపు వలయును, వీడియో కాదు.

కొంచెం ఆఫ్‌రోడింగ్: ఇది ఈ మూలమునకు జీవగర్ర. అలంకారము అపహ్నుతి. ఉన్నదానిని కాదని లేనిదానిని నిలుపుట దాని లక్షణము. ‘ఇది గొయ్యి కాదు, అడ్వెంచర్’ అనుట ఉదాహరణము. ఇక ప్రతిపదార్థము. ఆఫ్ అనగా... ఏందిరా అబ్బాయ్ ఇది? నువ్వు ఎగిరి దూకి ఫొటో తీసుకునే గుంట మీదుగానే నెలలు నిండిన మనిషి ఆటోలో గురజాల ఆసుపత్రికి పోవాలి. సున్నపురాయి లారీలు తిరిగి తిరిగి తారు లేచిపోయింది. వేయవలసిన వాళ్ళు కొలతలు తీసుకుపోయారు, కంకర కుప్పలు పోయించారు, ఆ కుప్పల మీద ఇప్పుడు పిచ్చిమొక్కలు మొలిచాయి. నీకు రెండు రోజుల సరదా అయిన దారి మాకు బడికీ, బ్యాంకుకీ, శవానికీ ఒకటే. దానికి ‘కొంచెం’ అని విశేషణం కూడానా!

క్షమింతురు గాక. వ్యాఖ్యాత గ్రాంథికము తప్పినాడు.

సన్‌సెట్ ఎత్తిపోతల: సుగమము. అందరును అచ్చటనే ఫొటో దిగుదురు.

రెంటచింతల జస్ట్ పాస్‌త్రూ: దీనికి పాఠభేదము లేకుండుట దురదృష్టము. ఈ మండలములోనే గోలి అను గ్రామమున్నది. గొల్లేరు ఒడ్డున బౌద్ధస్తూపము. 1926లో జూవో దూబ్రేయ్ అను ఫ్రెంచి పండితుడు అచ్చటి శిల్పములను వెలికి తెచ్చెను, 1929లో టి.ఎన్. రామచంద్రన్ వానిపై ఒక పుస్తకమే వ్రాసెను. ఇక్ష్వాకుల కాలపు పని. అందొక పొడవైన ఫలకమున వెస్సంతర జాతకము చెక్కిరి. ఆ రాజకుమారుడు రాజ్యము విడిచి ఆలుబిడ్డలతో బండి కట్టుకొని అడవిదారి పట్టినవాడు. దారిలో ఎవరో అడుగగా బండి సైతము ఇచ్చివేసి పిల్లలను చంక నెత్తుకొని నడిచిపోయెను. బండి ఎంతకు కొన్నదీ, సైలెన్సర్ ఎవరి చేత మార్పించినదీ చెప్పుకొనలేదు. అట్టి రౌతును చూడగోరువారు గోలికి రానక్కరలేదు. శిల్పములు మద్రాసుకు పోయినవి; ఎగ్మూరు మ్యూజియములో చూడవలెను. మా ఊరిని ‘జస్ట్ పాస్‌త్రూ’ చేసినవారిలో చిరంజీవి మొదటివాడు కాడని దీనివలన తేలుచున్నది.

తాత్పర్యము: నాయనా, రావద్దనటం లేదు. మే నెలలో మాత్రం వద్దు. మాఘఫాల్గుణాల్లో వస్తే రోడ్డు వారన ఆరబోసిన మిరపకాయల మీద టైరు ఎక్కించవద్దు. అది ఒక ఇంటి ఏడాది కష్టం. అన్నిటికన్నా కార్తీక అమావాస్యకు రా. ఆనాటినుంచి కారెంపూడిలో అయిదు రోజులు వీరుల ఉత్సవం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మీవాళ్ళందరూ మందపోరుకు వద్దామంటారు. నువ్వు ఒకరోజు ముందే వచ్చి రెంటచింతలలో మనింట్లో దిగు, అలరాజు రాయబారం విందువుగాని.