బెంచ్‌మార్క్ బాబాయ్

ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఒకడుంటాడు. మాదాపూర్ అయినా, మధురవాడ అయినా, డాలస్ అయినా సరే. నలభై ఇంకా దూరంగానే ఉంటుంది, కానీ టీమంతటికీ బాబాయ్. మిగతావాళ్లు కోడ్ రాసి, అది పనిచేస్తే ఇంటికి పోతారు. బాబాయ్ అక్కడే మొదలెడతాడు: "పనిచేస్తోంది సరే, ఎంతసేపట్లో?"

పక్క సీటు కుర్రాడు రెండు తేదీలు పోల్చే లైను ఒకటి రాస్తాడు. ఆర్డరు గడువు దాటిందా లేదా, అంతే సంగతి. రెండు డేట్ ఆబ్జెక్టుల మధ్య 'లెస్ దేన్' గుర్తు పెట్టి చేతులు దులుపుకునే లోపే వెనకాల కుర్చీ చక్రాల చప్పుడు.

"తమ్ముడూ, ఆ గుర్తు కనబడగానే జావాస్క్రిప్ట్ లోపల ఏం చేస్తుందో తెలుసా? ఆబ్జెక్టుని అంకెగా మార్చడానికి వాల్యూఆఫ్‌ని పిలుస్తుంది. నువ్వే గెట్‌టైమ్ పిలిచేస్తే దానికా తిప్పలు ఉండవు కదా?"

"తేడా ఎంతుంటుంది బాబాయ్?"

ఈ ప్రశ్న మాత్రం అడగకూడదు. అడిగారా, ఆ మధ్యాహ్నం ఇక మీది కాదు.

నిజానికి డేట్ ఆబ్జెక్టులో దాగున్నది ఒకే ఒక్క అంకె. 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లు. గెట్‌టైమ్ అన్నా, వాల్యూఆఫ్ అన్నా, ముందు ప్లస్ గుర్తు తగిలించినా చేతికొచ్చేది ఆ అంకే. ఈ సంగతి బాబాయ్‌కి మనకన్నా బాగా తెలుసు. అయినా సంక్రాంతికి భీమవరంలో కోళ్లను బరిలో దింపినట్టు మూడింటినీ దింపుతాడు. ఒక్కొక్కటీ కోటి సార్లు పరిగెత్తాలి. చుట్టూ నలుగురు చేరతారు. ఒకడు ప్లస్ మీద సమోసా పందెం కాస్తాడు.

మొదటి రౌండులో గెట్‌టైమ్ గెలుస్తుంది. "చెప్పానా!" అని బాబాయ్ మీసం లేని మూతి తిప్పుతాడు. వరస మార్చి పరిగెత్తిస్తే ప్లస్ గెలుస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేస్తే అందరూ ఓడిపోతారు. మధ్యలో ఎవరో ట్రైనీ పిల్ల మెల్లగా అడుగుతుంది: "బాబాయ్ గారూ, ఆ జవాబుని మనం ఎక్కడా వాడటం లేదు కదా. ఎవరికీ అక్కర్లేదని ఇంజిన్ కనిపెట్టి, పోలిక ఎగ్గొట్టి ఊరికే చుట్లు తిరిగి ఉంటే?" బాబాయ్ మొహం ఓ క్షణం వాడిపోతుంది. ఆ తర్వాత జవాబులన్నీ కూడి చివర్లో ప్రింట్ చేసే లైను చేర్చి, మళ్లీ కోటితో మొదలు. పైగా 2018లో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక బ్రౌజర్లు తమ గడియారాల సూక్ష్మతను కావాలనే తగ్గించాయి. ఆ మాటెత్తితే బాబాయ్ దాన్ని సొంత అవమానంలా తీసుకుంటాడు.

ఇంటర్వ్యూలకు ఆయన్ని పంపించరు. పంపిస్తే అడిగేది ఒకటే: ఒకే క్షణంతో రెండు డేట్ ఆబ్జెక్టులు చేసి ట్రిపుల్ ఈక్వల్స్‌తో పోలిస్తే ఏమొస్తుంది? 'ట్రూ' అన్నవాడు ఇంటికి. ఆబ్జెక్టులు వేరు కాబట్టి 'ఫాల్స్' అన్నవాడికి రెండో ప్రశ్న: "ఎంత వేగంగా ఫాల్స్?"

బాబాయ్‌ని తీసిపారేయడానికీ లేదు. ఓసారి పదివేల వరసల పట్టికను తేదీల ప్రకారం సార్ట్ చేసే పేజీ నత్తనడక నడిచింది. పోల్చిన ప్రతిసారీ రెండు స్ట్రింగుల్ని కొత్తగా తేదీలుగా మారుస్తున్నారు. సార్టుకి దాదాపు లక్షా ముప్ఫై వేల పోలికలు, అంటే రెండు లక్షల అరవై వేల సార్లు పార్సింగ్. ముందే ఒకసారి మార్చి పెట్టుకుంటే పదివేలతో సరి. అన్నీ ఒకే ఐఎస్ఓ పద్ధతిలో ఉంటే అదీ అక్కర్లేదు, స్ట్రింగుల్నే పోల్చుకోవచ్చు. బాబాయ్ వేలు పెట్టి చూపించాడు, పేజీ లేచి కూర్చుంది. ఆ ఒక్క విజయాన్ని ఆయన ఇప్పటికీ తింటున్నాడు.

అదే బాబాయ్‌కి, డేటాబేస్ క్వెరీలో కాలమ్ చుట్టూ డేట్ ఫంక్షన్ తొడిగి ఇండెక్సుని నిద్రపుచ్చిన లైను ఏడాదిగా కనబడలేదు. సర్వర్ అమెరికాలో ఉంటే ఒక్క కబురు వెళ్లి రావడానికే రెండు వందల మిల్లీసెకన్ల పైన పడుతుందంటే, "అది నెట్‌వర్క్ వాళ్ల పని" అంటాడు.

పెళ్లి కుదిరినప్పుడు కూడా ఇదే ధోరణి. పురోహితుడు గారు తెల్లవారుజాము ముహూర్తం చెప్పగానే, "అది ఏ టైమ్ జోన్ పంతులు గారూ?" అన్నాడట. ఆయన కళ్లజోడు సర్దుకుని, "మన ఊరి సూర్యోదయాన్ని బట్టి నాయనా. తిథి మారే క్షణం లోకానికంతా ఒకటే, రోజు మాత్రం ఊరూరికీ వేరు. అందుకే అమెరికాలో మనవాళ్లకి ఉగాది ఒక్కోసారి ముందు రోజే వస్తుంది" అన్నారు. బాబాయ్ తల ఊపాడు. బుర్రకెక్కించుకోలేదు.

దీపావళి ఆఫర్ ఆయనే రాశాడు. ఇప్పటి సమయం ఆఫర్ మొదలయ్యే తేదీని దాటిందా అని చూసే పోలిక, మెరుపులా పనిచేస్తోంది. తేదీని మాత్రం గంటలు లేకుండా సంవత్సరం, నెల, రోజు అని ఊరుకున్నాడు. అలా ఒట్టి తేదీ ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మనకది తెల్లవారుజామున అయిదున్నర. అర్ధరాత్రి నుంచి ఫోన్లు పట్టుక్కూర్చున్న కస్టమర్లు, పాత ధరలే చూసి కస్టమర్ కేర్‌ని నిద్రలేపారు.

ట్రైనీ పిల్లే ఆ తేదీ చివర గంటలూ, మన అయిదున్నర తేడా తగిలించి సరిచేసింది. బాబాయ్ వచ్చి ఆ లైను వైపు చాలాసేపు చూశాడు.

"బాగానే ఉందమ్మా. కానీ స్ట్రింగు పదిహేను అక్షరాలు పెరిగింది. పార్సింగ్‌కి ఎంత ఎక్కువ పడుతుందో కొలిచావా?"