తలసరి ఘాటు

తెలంగాణలో 2024-25 తలసరి ఆదాయం 3,79,751 రూపాయలు. దేశం సగటు 2,05,579. బడ్జెట్ రోజున ఈ అంకె చదివేటప్పుడు ఏ పార్టీ మంత్రికైనా గొంతు ఓ శ్రుతి పెరుగుతుంది. పెరగనివ్వండి. జిల్లాల్లో సంగారెడ్డిది ముందు వరుసే. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, కాజిపల్లి... ప్రపంచంలో ఎవరికి జ్వరం వచ్చినా మందుబిళ్లలోకి ముడిసరుకు ఇక్కణ్నుంచి పోవాలి మరి.

ఇంత ఆదాయం ఉన్నచోట గాలీ నీరూ ఎలా ఉండాలో ఆర్థికశాస్త్రం ఒక గూని గీత గీసి పెట్టింది. 1991లో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు లెక్కలు తీశారు; తర్వాత దానికి ఆర్థికవేత్త కుజ్నెట్స్ పేరు తగిలించారు. దేశం డబ్బు చేసుకునేటప్పుడు మొదట మురికి పెరుగుతుందట, ఓ మెట్టు దాటాక తగ్గుతుందట. కడుపు నిండితే గానీ మనిషి కంటికి చెట్టూ చెరువూ ఆనవని భావం. పేదవాడికి పర్యావరణం పట్టదని మర్యాదగా చెప్పడమన్నమాట.

గూని ఎక్కడం మాకు బాగా వచ్చు. దశాబ్దాలుగా ఎక్కుతూనే ఉన్నాం.

1972లో స్టాక్‌హోం పర్యావరణ సదస్సులో ఇందిరాగాంధీ, పేదరికాన్ని మించిన కాలుష్యం ఉందా అన్న ధోరణిలో ప్రపంచాన్ని నిలదీశారు. 1980లో ఆవిడే, అప్పటి మా జిల్లా మెదక్‌కు ఎంపీ. వెనకబడిన జిల్లా కదా అని రాయితీలిచ్చి ఫ్యాక్టరీలను పిలిచారు. పేదరికమనే కాలుష్యాన్ని కడిగేశారు. కడిగిన నీళ్లు నక్కవాగులో వదిలారు.

మరి పేదవాడికి పట్టలేదా? బావి నీళ్లు రంగు మారి, వరి మాడి, గొడ్లు పడిపోతుంటే వాగు పక్క రైతులే ముందు రోడ్డెక్కారు. 1990లోనే విషయం సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు రోగులను చూస్తూనే ఏళ్ల తరబడి ఆ పోరాటం నడిపారు. కేసు 2001లో హైకోర్టుకు వచ్చి, అక్కణ్నుంచి హరిత ట్రిబ్యునల్‌కు నడిచి, 2017 అక్టోబర్‌లో తీర్పయింది. ఇరవై ఏడేళ్లు! ఈలోగా రైతు భూమి అమ్ముకుని వెంచర్ గేటు దగ్గర వాచ్‌మన్ అయ్యాడు. నెలనెలా జీతం వస్తోంది గనక ఆదాయం పెరిగిందనే రాసుకున్నారు.

స్వీడన్ సంగతి చెప్పాలి. డబ్బుకు డబ్బు, పచ్చదనానికి పచ్చదనం. గూని గీత ఆ చివర కూర్చున్న దేశం. అక్కడి శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం మా ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పట్టి చూసి 2007లో ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్క రోజులో పోయే మందు స్వీడన్ దేశమంతా అయిదు రోజులు మింగేదానికి సమానమని తేల్చారు. అక్కడ డాక్టర్ చీటీ లేనిదే ఆ బిళ్ల ఇవ్వరు. మా వాగులో చేపకు చీటీ అక్కర్లేదు, జ్వరం కూడా అక్కర్లేదు. ఆ నీళ్లలో బతికి బట్టకట్టిన సూక్ష్మజీవికి ఇక చాలా మందులు పనిచేయవు. దానికి పాస్‌పోర్టుతోనూ పనిలేదు గనక స్వీడన్ కూడా మరీ నిశ్చింతగా ఉండక్కర్లేదు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్కులు వేసింది. 70 వస్తే తీవ్ర కాలుష్య ప్రాంతం. పటాన్‌చెరు-బొల్లారానికి 70.07. బొటాబొటిగా పాసయ్యాం! 2010 జనవరిలో కొత్త ఫ్యాక్టరీలపై నిషేధం పెట్టారు, తర్వాత ఎత్తేశారు.

వాగును వాన రాత్రి చూడాలి. ఆకాశం ఉరిమిందంటే కొన్ని గోడల వెనక వాల్వులు తిరుగుతాయి. తెల్లారేసరికి కల్వర్టు కింద మోకాలెత్తు నురగ, గట్టు వెంట తుప్పు రంగు చార. బర్రె మూతి దాకా వచ్చి, బుస్సుమని వెనక్కి తిరుగుతుంది. కాసేవాడి మాట: "గొడ్డుకు దెలిసింది గూడ పొల్యూషనోళ్లకు దెల్వది సారూ."

ఇక సుఖసంతోషాల లెక్క. బావిలో చేద వేసి తోడుకు తాగితే జాతీయాదాయం పైసా పెరగదు. బావి పాడై, బోరు పాడై, ఇరవై లీటర్ల క్యాన్ కొంటే పెరుగుతుంది. దగ్గుకు ఆస్పత్రి బిల్లు కడితే ఇంకా పెరుగుతుంది. చర్మానికి పూత మందు, పిల్లలకు నెబ్యులైజర్, అన్నీ అభివృద్ధే. ఈ లెక్కన మా బెల్టులో జబ్బు పడని మనిషి దేశద్రోహి.

గూని దిగడమంటే ఏమిటో కూడా మాకు చూపించారు. పటాన్‌చెరు వ్యర్థజలాలకు 18 కిలోమీటర్ల పైపు వేసి, నగరం మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. అక్కణ్నుంచి మూసీ. మూసీ నీళ్లతో వరి నాటేది నల్లగొండ రైతు. ఆదాయం పెరిగితే మురికి తగ్గలేదు, ముందుకు తోసే స్తోమత పెరిగింది. అమీన్‌పూర్, బాచుపల్లి అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోకి రాత్రి ఘాటు వాసన వస్తే ఇప్పుడు ట్వీటు పెడతారు, కాలుష్య నియంత్రణ మండలి గస్తీ బండి కదులుతుంది. సంతోషమే. ఆ బండి వాగు పక్క ఊరికి 1990లో దారి తప్పింది, అంతే.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి, ఆనవాలు దొరకనివారితో కలిపి 54 మంది పోయారు. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల చెమట మా జిల్లా ఆదాయంలో ఉంది. సగటు తీసేటప్పుడు వాళ్ల తలలు ఏ రాష్ట్రంలో లెక్కపెట్టారో గణాంకాల శాఖ చెప్పాలి.

ఇదే జిల్లాలో, న్యాల్‌కల్ మండలం డప్పూర్ చుట్టుపక్కల రైతులు ఫార్మాకు భూములివ్వమని 2024లో ఎదురుతిరిగారు. వాళ్ల తలసరి ఆదాయం ఆ మెట్టు దాటలేదు, దాటేదాకా ఆగనూ లేదు. పటాన్‌చెరు దూరమేం కాదు, చూసి వచ్చినవాళ్లే.

కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) వారికి ఒక్క మనవి. సీసాలు పట్టుకుని ఎండాకాలం మధ్యాహ్నం రాకండి. మంచి వాన పడే రాత్రి, పన్నెండు దాటాక, ఎవరికీ ముందుగా ఫోన్ చేయకుండా రండి.