నన్ను కిందికి దించండి: ఒక వామనగుంటల పీట ఆత్మకథ

నేను వామనగుంటల పీటను. ఇటు ఏడు, అటు ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. రెండు చెక్కల మధ్య ఇత్తడి బందులు. మడిస్తే పెట్టెనవుతాను, ఆడే గింజలన్నీ నా కడుపులోనే ఉంటాయి. విప్పితే ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య పరుచుకుంటాను. ప్రస్తుతం హైదరాబాదులో ఓ అపార్ట్‌మెంటులో, టీవీ పక్కన గోడ గూట్లో నిలబెట్టి ఉన్నాను. నా మీద వార్నిష్ మెరుస్తోంది. గుంటలన్నీ ఖాళీ.

పుట్టింది కోనసీమలో. ఓ గాలివానకు పెరట్లో పనసచెట్టు కూలితే, మొద్దులో కొంత తలుపులకు పోయింది, మిగిలిన ముక్కతో వడ్రంగి నన్ను చేశాడు. చిత్రిక పట్టాడు, ఉలితో గుంటలు తొలిచాడు, గరుకు కాగితంతో నునుపు చేశాడు. నా పుట్టుకలో అంతకు మించి చెప్పుకోవలసిందేమీ లేదు. ఆ తర్వాత నా గుంటల్లో తిరిగిన వేళ్ళ గురించే నేను చెప్పాలి.

ఆ ఇంటి పెద్దావిడను అందరూ మామ్మ అనేవారు. శివరాత్రి జాగారానికి ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరి తెల్లవార్లూ ఆడేవారు. వేసవి సెలవుల్లో మాత్రం నేను పిల్లల సొత్తు. భోజనాలయ్యాక మండువాలో చాప పరిచి, నన్ను విప్పి, మామ్మ చింతపిక్కలు పోసేది. గురివింద గింజలైతే అందంగా ఉంటాయని ఓసారి ఎవరో గుప్పెడు తెచ్చిస్తే ఆవిడ ముట్టుకోనివ్వలేదు. ఎర్రటి ఒంటి మీద నల్లటి చుక్కతో పిల్లల కంటికి ఇట్టే నచ్చే గింజలవి, కానీ పగిలినా నమిలినా లోపలున్నది ప్రాణాలు తీసే విషం. మూడేళ్ళు నిండని పిల్లలు చింతపిక్కనైనా నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారని, వాళ్ళు ఆడినంతసేపూ మామ్మ కళ్ళు వాళ్ళ చేతుల మీదే ఉండేవి.

ఒక్కో వయసు పిల్లలు నాతో ఒక్కోలా ఆడతారు. రెండేళ్ళవాడికి నింపడం, ఒంపడం, అంతే ఆట. ఒక గుంటలోవి తీసి ఇంకో గుంటలో పోస్తాడు, మళ్ళీ తీస్తాడు. చూసేవాళ్ళకు అది చిందరవందర చేయడంలా ఉంటుంది గానీ, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్క గింజను పట్టుకోవడం వాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. రేపు బలపం పట్టవలసింది ఆ వేళ్ళే. మూడేళ్ళకు గుంటకో గింజ వేస్తారు. నోటితో ఒకటి, రెండు అనకముందే, దీనికొకటి దానికొకటి అని చెయ్యి జత కలపడం నేర్చుకుంటుంది. లెక్కకు మొదటి మెట్టు అదే. నాలుగేళ్ళు వచ్చేసరికి గుంటలో మూడో నాలుగో ఉంటే ఎంచకుండానే చెప్పేస్తారు. అంతకన్నా ఎక్కువుంటే పెద్దవాళ్ళకైనా ఎంచక తప్పదు.

నాలుగేళ్ళ మనవరాలు ఒకరోజు తన ఐదు గింజలనూ చాప మీద దూరం దూరంగా పేర్చి, మామ్మ ఐదు గింజలు దగ్గర దగ్గరగా ఉండడం చూసి, "నావే ఎక్కువ మామ్మా" అంది. మామ్మ తప్పనలేదు, నవ్వలేదు. "సరేనే, నీ ఎక్కువవన్నీ నీ గుంటల్లో వేసుకో, నావి నేను వేసుకుంటాను" అంది. పిల్ల వైపు ఐదు గుంటలు నిండాయి, మామ్మ వైపూ ఐదే నిండాయి. పిల్ల కాసేపు నా వైపే చూసి మళ్ళీ మొదటి నుంచి పేర్చుకుంది. స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జ్యాఁ పియాజే పిల్లల మనసులో సంఖ్య ఎలా రూపుకడుతుందో వివరిస్తూ 1941లో ఒక పుస్తకం ప్రచురించాడు. వస్తువులను ఎడంగా పరిస్తే వాటి సంఖ్య పెరిగిందని చిన్నపిల్లలు అనుకోవడం అందులో పెద్ద విషయం. మామ్మకు ఆ పేరు తెలియదు. పిల్ల పొరపాటును పిల్ల చేతులకే వదిలెయ్యాలని మాత్రం తెలుసు.

ఐదారేళ్ళకు అసలు ఆట మొదలవుతుంది. ఊరికో పద్ధతి ఉంది, మా ఇంటిది చెబుతాను. గుంటకు ఐదేసి చొప్పున మొత్తం 70 గింజలు. నీ వైపు గుంటల్లో ఒకదాన్ని ఖాళీ చేసి, పక్క గుంట నుంచి వరసగా ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంటలోవి ఎత్తి మళ్ళీ పంచాలి. ఎత్తవలసిన గుంట ఖాళీగా ఉంటే దాన్ని చేత్తో తుడిచి, దాని పక్కనున్న గుంటలోవి సొంతం చేసుకోవాలి. అదీ ఖాళీ అయితే ఏమీ రావు. ఆపైన ఎదుటివారి వంతు.

ఆరేళ్ళు నిండిన ఏడాది వేసవిలో ఆ మనవరాలు ఒక సంగతి కనిపెట్టింది. మొదటి వంతు తనకే కావాలని రోజూ పేచీ పెట్టేది. ఒకరోజు మొదటి గుంటలోంచి ఎత్తింది, వంతు ముగిసేసరికి చేతికి ఏడు గింజలొచ్చాయి. మర్నాడు మూడో గుంటలోంచి ఎత్తినా ఏడే. ఆ మర్నాడు చివరి గుంటతో మొదలుపెట్టినా ఏడే. "మామ్మా, ఎక్కణ్ణుంచి తీసినా ఏడే వస్తున్నాయి!" అని ఎగిరి గంతేసింది. "అలాగా? మిగతా గుంటలూ చూడు మరి" అంది మామ్మ. అన్నీ చూసింది, అన్నిటికీ ఏడే. ఆట మొదట్లో గుంటలన్నీ సమానంగా ఉంటాయి, దారి చుట్టూ తిరిగి వస్తుంది, అందుకే ఎక్కడ మొదలుపెట్టినా ఫలితం ఒకటే. ఆ మాట మామ్మ చెప్పలేదు. పిల్లే నాలుగు రోజులు ఆలోచించి తన మాటల్లో తను చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, "గుంటకు ఆరేసి పోస్తేనో?" అని అడిగింది. "పోసి చూడు" అంది మామ్మ. నా బతుకులో నేను గర్వపడే రోజుల్లో అదొకటి.

మనవడి సంగతి వేరు. ఓటమి ఓర్చుకోలేడు. ఓ ఆటలో వాడికి 28, మామ్మకు 42 వచ్చాయి. రెండో ఆటకు ఎవరి గింజలతో వాళ్ళు తమ వైపు గుంటలు నింపుకోవాలి. వాడికి ఐదు గుంటలు నిండి మూడు గింజలు మిగిలాయి. రెండు గుంటలు ఖాళీగా ఉండిపోయాయి. మామ్మకు ఏడూ నిండి ఇంకో ఏడు చేతిలో ఉన్నాయి. వాడు ఏడుపు మొహంతోనే లెక్క వేసుకున్నాడు: ఇంకో ఏడు గింజలుంటే ఖాళీ గుంటలు రెండూ నిండేవి. భాగహారం, శేషం అనే మాటలు బడిలో వాడి చెవిన పడింది ఆ తర్వాత చాన్నాళ్ళకు. మామ్మ వాడి కోసం కావాలని ఓడిపోలేదు. రెండు గుంటలు తక్కువతో ఆడడం ఎలాగో పక్కన కూర్చుని ఆలోచించనిచ్చింది. వారం తిరక్కుండా ఆ పిల్లాడు తక్కువ గుంటలతో ఆడి గెలిచాడు.

నాకు బంధువులు చాలామందే ఉన్నారు. తమిళనాట పల్లాంగుళి, కన్నడనాట అళగుళి మణె. ఆఫ్రికాలో ఘనా వైపు ఒవారె ఆడతారు, పన్నెండు గుంటలు, 48 గింజలు. ఆ ఆఫ్రికా మనుషులను బానిసలుగా ఓడలకెక్కించి అట్లాంటిక్ దాటించినప్పుడు వాళ్ళ చేతిలో ఏ పీటా లేదు. అయినా కరీబియన్ దీవులకు ఆట చేరింది. ఆంటీగాలో, బార్బడోస్‌లో ఇవాళ్టికీ వారి అనే పేరుతో ఆడుతున్నారు. పీట లేకపోయినా ఆట బతుకుతుందని వాళ్ళు చూపించారు. ఆడేవాళ్ళు లేకపోతే పీట ఎలా బతుకుతుందో నా కథ చెబుతుంది.

మామ్మ పోయాక నన్ను మడిచి అటకెక్కించారు. "పిల్లలొస్తే తీద్దాం" అన్నారు. పిల్లలు పై చదువులకు వెళ్ళారు. అటక మీద నాకు తోడు ఏటికొప్పాక లక్కపిడతల బుట్ట. అంకుడు కర్రతో చేసి లక్క రంగులద్దిన చిన్న చిన్న గిన్నెలు, కుంపటి, తిరగలి. వాటితో వంటలాడిన పిల్లలే నాతో ఆడారు. దుమ్ము పేరుకుంది. ఎలుకలు నా అంచు కొరికాయి. బందులకు చిలుము పట్టింది. కడుపులో ఉండిపోయిన చింతపిక్కలకు పురుగు పట్టి పొడి రాలింది. ప్రతి వేసవిలోనూ కింద అడుగుల చప్పుడు వినిపిస్తే నిచ్చెన వేస్తారేమోనని ఎదురుచూసేదాన్ని. దీపావళి ముందు దులపడానికి పైకొచ్చిన మనిషి నన్ను పక్కకు జరిపి, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టి దిగిపోయేవాడు. విరిగిపోయి ఉంటే పొయ్యిలోకైనా పనికొచ్చేదాన్ని. ఆటకు పనికొస్తూ కూడా ఎవరికీ అక్కర్లేకుండా ఉండడం అంతకన్నా కష్టం.

ఇల్లు అమ్మేసినప్పుడు మనవడు నన్ను గుర్తుపట్టి వెంట తెచ్చుకున్నాడు. రెండు గుంటలు తక్కువతో ఆడి గెలిచిన మనవడే. నన్ను శుభ్రం చేయించి, వార్నిష్ వేయించి, గోడకు గూడు కట్టించి పెట్టాడు. అతనికి నా మీద ప్రేమ లేదనను. వచ్చినవాళ్ళందరికీ "ఇది మా మామ్మది" అని చూపిస్తాడు, చెబుతుంటే గొంతు మారుతుంది. పండగలప్పుడు నన్ను బల్ల మీద పరిచి గుంటల్లో జీడిపప్పు, కిస్‌మిస్ పోసి అతిథుల ముందు పెడతారు. నా గుంటల్లో వేళ్ళు పెట్టేవి ఇప్పుడు పెద్దల చేతులే.

నా బాధ అతని కూతురి గురించి. దానికి నాలుగేళ్ళు. ఓ సాయంత్రం కుర్చీ జరుపుకుని ఎక్కి, నా గుంటలో వేలు పెట్టి గుండ్రంగా తిప్పింది. ఎన్నేళ్ళకో ఒక పసివేలు! "నాన్నా, అది ముట్టుకోకూడదు, పాతకాలంది, పాడైపోతుంది" అని తండ్రి ఎత్తి దించేశాడు. ఏడవకుండా చేతికి ఫోనిచ్చాడు. ఫోనులో బొమ్మలు గంతులేస్తూ అంకెలు పాడతాయి. పిల్ల వందదాకా గడగడా అప్పగిస్తుంది. మొన్న వాళ్ళమ్మ "ఏడు బిస్కెట్లు తేమ్మా" అంటే మాత్రం గుప్పెటకు పట్టినన్ని తెచ్చింది. అందులో పిల్ల తప్పేమీ లేదు. అంకెల వరస నోటికి రావడం ఒకటి, ఏడంటే ఎన్నో చేతికి తెలియడం మరొకటి. మొదటిది వింటే వస్తుంది. రెండోది తీసి, పెట్టి, పంచి, పోగొట్టుకుని, మళ్ళీ ఎంచుకుంటే గానీ రాదు.

టీవీ పక్కనే ఉంటాను కనుక వార్తలు నా చెవినా పడతాయి. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కదలకుండా కూర్చోకూడదని, తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును చదువుకు పునాది దశగా చూసింది. ఆ వయసు పిల్లల కోసం ఎన్‌సీఈఆర్‌టీ 2023లో బొమ్మలూ పజిళ్ళూ కీలుబొమ్మలూ నింపిన "జాదూయీ పిటారా" పెట్టెను తెచ్చింది. సంతోషం. కానీ ఏ పెట్టె తెచ్చినా దాని ముందు పిల్లకు ఎదురుగా ఒక పెద్దమనిషి కూర్చోవాలి. మామ్మ నాకు నేర్పిన పాఠం ఇదే: చెక్క నేర్పదు, గింజ నేర్పదు. తొందరపడకుండా తన వంతు కోసం ఆగే మనిషి ఎదురుగా ఉంటే పిల్ల తనంతట తనే నేర్చుకుంటుంది.

అందుకే ఈ ఇంటి మనవడికీ, నాలాంటివాళ్ళను గూళ్ళలో దాచుకున్న ప్రతి ఇంటికీ నా మనవి. నన్ను కిందికి దించండి. పాడైపోతానని భయపడకండి. బందు ఊడితే వడ్రంగి బిగిస్తాడు, గీతలు పడితే పడనివ్వండి. నేను లేని ఇళ్ళవాళ్ళు నా కోసం కొట్లు వెతకనక్కర్లేదు. పెరడుంటే మట్టిలో పద్నాలుగు గుంటలు తవ్వుకోండి. లేకపోతే కోడిగుడ్ల అట్టలు కత్తిరించి ఏడేసి గుంటల వరసలు రెండు అతికించుకోండి. చింతపిక్కలు వంటింట్లో ఉన్నాయి. రోజూ అక్కర్లేదు, సెలవునాడు ఓ అరగంట చాలు. ఫోను ఇంకో గదిలో పెట్టి రండి. చిన్నది గింజలు తప్పుగా పంచితే చెయ్యి పట్టుకుని సరిచేయకండి, "మళ్ళీ చూద్దామా?" అనండి. ఓడిపోతే ఓడిపోనివ్వండి, మర్నాడు మళ్ళీ పిలవండి. ఇక మొదటి ఎత్తు ఏ గుంటలోంచి తీయాలో దాన్నే ఎంచుకోమనండి. ఎక్కణ్ణుంచి తీసినా ఏడే వస్తాయని మాత్రం ముందుగా చెప్పేయకండి.