తాత లెక్కలో ఉన్నడు, బాపు లేడు

రాష్ట్రపతి ఎన్నిక పాఠం వచ్చిందంటే మా కరీంనగర్, ఆదిలాబాద్ బళ్లలో సోషల్ సారు లెక్కల సారు కోసం వెతుకుతారు. రాష్ట్రపతిని పౌరుల తరఫున ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎట్లా ఎన్నుకుంటారో చెప్పాలంటే భాగహారం రావాలి మరి. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగించాలి. తెలంగాణ జనాభా 1,57,02,122. ఎమ్మెల్యేలు 119 మంది. ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 132.

వెనక బెంచీ పోరడు లేస్తాడు. "సార్, మనం మూడున్నర కోట్లున్నమని మొన్ననే చెప్పిన్రు గదా?"

ఉన్నం బిడ్డా. కానీ ఈ లెక్క 1971ది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు వచ్చేదాకా ఇదే చెల్లుతుంది. అప్పటికి పుట్టని మీ బాపు లెక్కలో లేడు, కాలం చేసిన మీ తాత ఉన్నడు. ఓటర్ల జాబితాలో చచ్చినోళ్ల పేర్లు కనబడితే దొంగ ఓట్లని ధర్నాకు కూర్చుంటాం. ఇక్కడ వాళ్లను రాజ్యాంగమే కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

లెక్క తేలినా పాఠం తేలదు. అసలు చిక్కు 2022 జులై 18 నాటి పోలింగుతో వస్తుంది. ఆదిలాబాద్ ఓటరునే తీసుకోండి. 2018 డిసెంబరులో టీఆర్ఎస్ ఎమ్మెల్యేను గెలిపించాడు. ఆరు నెలలు తిరగకుండా బీజేపీ ఎంపీని గెలిపించాడు. రాష్ట్రపతి ఎన్నిక వచ్చేసరికి ఎమ్మెల్యే పార్టీ యశ్వంత్ సిన్హా అంది, ఎంపీ పార్టీ ద్రౌపదీ ముర్ము అంది. అంటే మన పౌరుడు ఒకవైపు ఎమ్మెల్యే ఓటు 132, ఇంకోవైపు ఎంపీ ఓటు 700 విలువతో ఇద్దరినీ బలపరిచాడన్నమాట. ఆ సంగతి ఆయనకు తెలియదు. కడెం ప్రాజెక్టు పొంగిన వారమది. పత్తి చేన్ల నీళ్లు ఎప్పుడు గుంజుతయా అని గట్టు మీద నిలబడి ఉన్నాడు.

హుజూరాబాద్ వాళ్లది ఇంకో తీరు. ఈటల రాజేందర్‌ను 2018లో కారు గుర్తు మీద, 2021 ఉప ఎన్నికలో కమలం గుర్తు మీద గెలిపించారు. మనిషి అదే, 132 అదే. రాష్ట్రపతి అభ్యర్థి మాత్రం మారిపోయారు.

తెలంగాణ ఎమ్మెల్యేల నుంచి ముర్ముకు పడ్డ ఓట్లు 3. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేల నుంచి సిన్హాకు పడ్డవి సున్నా. మురుగు కాలువ మీద కూడా ఏకాభిప్రాయానికి రాని వైసీపీ, తెలుగుదేశం ఆ ఒక్కరోజు అన్నదమ్ములైపోయాయి.

కెస్లాపూర్ వైపు గోండు పిల్ల అడుగుతుంది: "ఆదివాసి అమ్మ నిలబడితే మన ఎమ్మెల్యేలు ఎటేసిన్రు సార్?" అది రహస్య బ్యాలెట్ తల్లీ. విప్ కూడా ఉండదు. సభ్యులు స్వేచ్ఛగా ఓటేస్తారు. ఎవరికి స్వేచ్ఛగా వేయాలో పార్టీ ముందే చెబుతుంది. 1969లో ఒక్కసారి ఇందిరమ్మ అంతరాత్మ ప్రబోధం ప్రకారం వేయమంటే, సొంత పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డే ఓడిపోయి వి.వి. గిరి గెలిచారు. అంతరాత్మ జోలికి పోవద్దని పార్టీలన్నీ అప్పుడే నేర్చుకున్నాయి.

అభ్యర్థిని ఎవరు ఎంపిక చేస్తారన్న ప్రశ్న మాత్రం గైడులో ఉండదు. జగిత్యాల నుంచి అమెరికా పోయినోళ్ల పిల్లలకు అక్కడి బళ్లో ప్రైమరీల పాఠం చెబుతారు. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చేందుకూ ఓటర్లు లైను కడతారట. "మీ దగ్గర ఎట్ల తాతా?" అని మనవడు వీడియో కాల్‌లో అడిగితే, తాత నిజమే చెప్పాడు: "ఢిల్లీ నుంచి ఫోనొస్తది బిడ్డా."

ఇంత చెప్పాక ఒక సారుకు నమూనా ఎన్నిక పెడదామన్న ఉత్సాహం పుట్టింది. నామినేషన్‌కు 50 మంది ప్రతిపాదించాలి, ఇంకో 50 మంది బలపరచాలి. ఆయన ఏజెన్సీ బడిలో మొత్తం పిల్లలే అంతమంది లేరు. హెడ్మాస్టరు 1977 ఫైలు తీశారు. అప్పుడు 37 నామినేషన్లలో 36 తిరస్కరిస్తే, మిగిలిన సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. బడిలోనూ ఎన్నిక ఏకగ్రీవమని ప్రకటించి పిల్లలతో చప్పట్లు కొట్టించారు. అభ్యర్థి ఎవరో సోమవారం చెబుతారట.