కోరంగి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాకినాడ నుంచి యానాం పోయే దారిలో, సముద్రం ఉన్న వైపున, కోరంగి అభయారణ్యం తగులుతుంది. గౌతమీ గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట పెరిగిన మడ అడవి ఇది. 1978లో అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇంత అడవికి వచ్చిన జనం చెక్క వంతెన మీద ఈ చివరి నుంచి ఆ చివరికి గబగబా నడిచి, నాలుగు ఫోటోలు దిగి, "ఏముందండీ, చెట్లూ బురదా" అంటూ కారెక్కుతుండగా చూసి, మనసు కష్టపెట్టుకుని ఒక కవి ఈ ఆటవెలది చెప్పాడు. ఆయన ఫారెస్టు వాచరని కొందరు, పడవ నడిపేవాడని కొందరు. ఇద్దరూ ఒప్పుకోనందున వ్యాఖ్యాతే రాసి ఉంటాడని లోకాపవాదం. దాన్ని ఖండించేందుకు ఆధారాలు చాలవు.

మూలం

మడల నడుమ చెక్క మార్గాన నడువుము
మాటలాడవలదు మడుగు దిగకు
పిల్లి దొరకకున్న పీతనె చూడుము
ఆటుపోటు లెరిగి యరుగుమయ్య

ప్రతిపదార్థం

అయ్య = ఓ ఆదివారపు యాత్రికుడా; మడల నడుమ = మడచెట్ల మధ్య; చెక్క మార్గాన = అటవీశాఖ వారు వేసిన చెక్క బాట మీద; నడువుము = (మెల్లగా అని అధ్యాహారం) నడు; మాటలాడవలదు = పక్కవాడితోనూ, ఫోనులోనూ మాట్లాడవద్దు; మడుగు దిగకు = వంతెన దిగి బురదలో కాలు పెట్టకు; పిల్లి = బావురుపిల్లి; దొరకకున్న = కంటపడకపోతే; పీతనె = పీతనే; చూడుము = నిలబడి చూడు; ఆటుపోటులు = సముద్రపు నీరు తీయడమూ ఎక్కడమూ; ఎరిగి = ముందే కనుక్కుని; అరుగుము = బయలుదేరు.

తాత్పర్యం

మడ అడవికి వెళ్లేవాడు బాట వదలకుండా, నోరు మూసుకుని, పెద్ద జంతువు మీద ఆశ తగ్గించుకుని, చిన్న జంతువు మీద శ్రద్ధ పెంచుకుని, గడియారం బదులు సముద్రాన్ని అడిగి వెళ్లాలని భావం.

విశేషాలు

"మడల" అనే బహువచనం పాదపూరణానికి వేసింది కాదు. మడ అన్నది ఒక్క జాతి చెట్టు కాదు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న, ఇంకా ఎన్నో. వేర్వేరు కుటుంబాల చెట్లు ఉప్పునీటిలో బతకడమనే ఒక్క విద్య నేర్చి ఒక చోట చేరాయి. తెల్లమడ తనలోకి వచ్చిన ఉప్పును ఆకుల గుండా బయటికి తోసేస్తుంది, ఆకు నాలుకకు ఉప్పగా తగులుతుంది. తిల్ల జోలికి మాత్రం పోరాదు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఏది తెల్లమడో ఏది తిల్లో తెలియనివాడు దేన్నీ నాకకుండా ఉండడం శాస్త్రసమ్మతం.

"చెక్క మార్గం" అన్న చోట వైయాకరణులు కనుబొమలు ముడుస్తారు. తెలుగు మాటకు సంస్కృతం మాట అతికించడం వైరి సమాసమని వారి ఆక్షేపణ. నిజమే. కానీ గోదావరి మంచినీళ్లూ బంగాళాఖాతం ఉప్పునీళ్లూ కలగలిసిన చోట శుద్ధ సమాసం వాడితేనే అనౌచిత్యం. మరొక మాట. పూర్వం కోరంగి మార్గమంటే ఓడ మార్గమే. ఓడలు కట్టిన రేవు ఇది. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దాన్ని దెబ్బతీశాయి. రేవు పోయినా పేరు పోలేదు, తర్వాతి కాలంలో బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువాళ్లను, ఏ ఊరివాళ్లైనా సరే, రంగూనులో కోరంగీలనే అన్నారు. ఇప్పుడు ఆ ఊరి పేరు చెబితే జనం అడిగేది ఒక్కటే: పార్కింగ్ ఉందా?

"మాటలాడవలదు" అన్నది స్పష్టం. బ్లూటూత్ స్పీకర్ మాట్లాడదు, పాడుతుంది గనుక నిషేధం దానికి వర్తించదని ఒక యువక వర్గం వాదం. నీటికుక్కలు గుంపుగా ఈదుతూ ఆ మలుపు దాకా వచ్చి, పాట వినగానే మునిగిపోతే, ఆ వర్గం వారు "ఇక్కడ ఏ జంతువులూ లేవు" అని సిద్ధాంతం చేస్తారు. కారణాన్ని చేతిలో పట్టుకుని కార్యం కోసం వెతకడమంటే ఇదే.

"మడుగు దిగకు" అన్నది చెప్పులు పోతాయని కాదు. పోతాయి, అది వేరే సంగతి. ఈ బురదలో గాలి ఆడదు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది అందుకే: గాలి అందని మట్టిలో బతికే సూక్ష్మజీవులు ఆ వాయువును పుట్టిస్తాయి. వేరుకు ఊపిరి కావాలి కనుక మడచెట్టు వేళ్లను పైకి పంపుతుంది. నేలలోంచి మేకుల్లా వేల సంఖ్యలో నిక్కి ఉండేవి మొలకలు కావు, శ్వాసవేర్లు. సెల్ఫీ కోసం దిగినవాడు తొక్కేది చెట్టు ముక్కు.

ఇక మూడో పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది.

పూర్వపక్షం: పులి లేదు, ఏనుగు లేదు, ఇదేం అభయారణ్యం? ఉన్నదల్లా పిల్లి, అదీ కనబడదు.

సమాధానం: ఆ పిల్లి ఇంటి పిల్లి కాదు. ఇంటి పిల్లికి రెండింతలుండే బావురుపిల్లి, నీటిలోకి దూకి చేపను పట్టేది. కాలివేళ్ల మధ్య కొంత తోలు ఉంటుంది, ఒంటి మీద చర్మం తడవనీయని దట్టమైన లోపలి బొచ్చు ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులో దీనికీ చోటుంది. చట్టం పక్కపక్కన కూర్చోబెట్టిన వారిలో ఒకరికే మనం దండం పెట్టడం మర్యాద కాదు. అయితే ఇది తిరిగేది ఎక్కువగా రాత్రి. మనకు గేటు మూసే వేళకు దానికి తెల్లవారుతుంది. ఉదయం నీరు తీసిన బురద మీద దాని అడుగుజాడ కనబడవచ్చు. "దొరకకున్న" అనే మాటలో కవి దాచిన నిజం ఇది: దొరకదు.

అందుకే పీత. "పీతనె" అన్న ఏకారాన్ని సర్దుబాటుగా చదివినవారున్నారు, "పోనీ పీతనైనా" అని. అవధారణార్థకంగా చదవాలని నా పక్షం, పీతనే చూడు అని. వంతెన పక్క బురదలో ఎర్ర డెక్క ఊపే చిన్న పీత కనిపిస్తుంది. మగదానికి రెండు డెక్కల్లో ఒకటి ఒంటితో పోటీపడేంత పెద్దది. ఆ చెయ్యి పూర్తిగా పెళ్లిచూపులకే కేటాయించాడు మహానుభావుడు. కలుగు ముందు నిలబడి ఆడపీత వచ్చేదాకా దాన్ని ఊపుతూనే ఉంటాడు, మధ్యలో ఇంకో మగవాడు వస్తే దానితోనే కలబడతాడు. అన్నం తినడానికి మిగిలింది రెండో చెయ్యి, చిన్నది. ఆడపీతకు రెండు చేతులూ చిన్నవే, రెండింటితోనూ తింటుంది. ఎవరి కడుపు ముందు నిండుతుందో చెప్పనక్కర్లేదు. బురదలోంచి తినదగింది ఏరుకుని మిగతాది చిన్న ఉండలుగా పక్కన పెడుతుంది. కలుగు చుట్టూ కనిపించే ఉండలవే. అక్కడే నీళ్లు దిగిపోయిన బురద మీద రెక్కల ఆసరాతో పాకుతూ, గెంతుతూ ఒక చేప తిరుగుతుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతోనే గాలి పీల్చుకోగలదు. చేప నేల మీద నడిచే చోటికి వచ్చి, కనబడని జంతువు కోసం బైనాక్యులర్స్ వెతుక్కోవడం వింత.

పాఠాంతరం: "పిల్లి దొరకకున్న ఫోటొనె చూడుము" అని కొన్ని ఫోన్లలో కనబడుతున్నది. "పి"కి "ఫో"తో యతి చెల్లదు. కనుక ప్రక్షిప్తం.

"చూడుము, ఆటుపోటు" అన్న చోట సంధి చేయకపోవడం దోషమే. పీతను చూస్తూ కవి అక్కడ నిలిచిపోయాడని, నిలిచినవాడికి సంధి అడ్డురాదని నా సమర్థన.

"ఆటుపోటు లెరిగి." ఈ తీరంలో నీరు రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది, ప్రతి రోజూ ముందు రోజుకన్నా ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా. పోయిన వారం ఎవరో పది గంటలకు వెళ్లి చూశారని ఈ వారం పది గంటలకు వెళితే పీత ఉన్న చోట నీళ్లుంటాయి. నీరు తీసినప్పుడు పీతలూ చేపలూ, వాటి కోసం కొంగలూ, నడిచేవాడికి పండగ. పోటు మీద పాయలు నిండితే పడవకు పండగ. "ఎరిగి" అంటే రెంటిలో ఏది కావాలో ముందే తేల్చుకోమని. ఇది కొత్త జ్ఞానమేమీ కాదు. పుష్య బహుళ అమావాస్యనాడు ఈ దారిలోనే ఉన్న చొల్లంగిలో సముద్రస్నానానికి జనం తరలివస్తారు, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేస్తూ సాగే సప్తసాగర యాత్ర మొదలయ్యేదీ ఇక్కడే. సూర్యచంద్రులు ఒకే వరసన నిలిచి లాగే అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దది. పంచాంగం చూసి స్నానానికి వచ్చే ముసలమ్మకు తెలిసిన తిథి, మ్యాపు చూసి కారులో వచ్చే మనవడికి తెలియదు.

"అయ్య" అన్నందువల్ల అమ్మలకు ప్రవేశం లేదనుకోరాదు. ఇది ఉపలక్షణం. నీళ్ల సీసా, టోపీ, పిల్లల రెండో జత బట్టలు తెచ్చేది వారే కనుక వారికి ఉపదేశం అనవసరమని కవి ఊరుకున్నాడు.

చివరగా ఒక చిక్కు. మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆ దారిలోనే నడవాలనుకున్న నాకు మూలంలో ఎక్కడా దోమ కనబడలేదు. మడ అడవి మీద పద్యం చెప్పి దోమను వదిలిన కవి అసలు అక్కడికి వెళ్లాడా అని శంక. వెళ్లాడు. దోమను వాచ్యం చేయలేదంతే. అది వ్యంగ్యంగానే రావాలి, ఎందుకంటే దోమ ఎప్పుడూ ముందు ధ్వనిగానే వస్తుంది, అర్థం తర్వాత తెలుస్తుంది.