చెప్పుల దగ్గర నాస్తికుడు

నేను నాస్తికుణ్ని. ఈ సంగతి కాశీబుగ్గలో మా వీధి వీధంతటికీ తెలుసు. ఎలా తెలుసంటే నేనే చెప్పాను. ఎవరూ అడక్కుండానే చెప్పాను. మా ఆవిడకైతే పెళ్లిచూపుల్లోనే చెప్పాను. ఆవిడ వంచిన తల ఎత్తకుండా, "సరేలెండి, ఇంకే జబ్బులూ లేవు కదా" అంది. నా కాపురం ఎలా ఉండబోతోందో ఆ ఒక్క మాటలోనే ఉంది. నాకే అందలేదు.

హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ని. న్యూటన్ నియమాలు మూడూ నా మాట విన్నాయి గానీ ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు ఇంతవరకు వినలేదు.

నాస్తికుడన్న పేరు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలీనిది కాదు. పక్కింటి నుంచి పులిహోర వస్తుంది. సిద్ధాంతం ప్రకారం వద్దనాలి. కానీ పులిహోర ఏం పాపం చేసింది? అందులో పలాస జీడిపప్పు పడుతుంది. జీడి బట్టీల మీదే బతికే ఊరు మాది. ఊరి సరుకును ఆదరించడం పౌరుడిగా నా బాధ్యత. ఇదంతా మా అమ్మాయికి వివరించాను. "నాన్నా, టిఫిననుకుని తినీ. దానికింత ఉపన్యాసం దేనికి?" అని గిన్నె నా ముందుకు తోసింది.

ఓ సాయంత్రం గుడి కమిటీ వాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని వచ్చారు. ఇలాంటి రోజు కోసమే నేను దాచుకున్న ప్రసంగం ఒకటుంది. రాజ్యాంగంలో 51ఎ అధికరణం, 1976లో 42వ సవరణతో వచ్చి చేరినది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అంటుంది. అక్కణ్నుంచి మొదలుపెట్టి మఠాలు, మాన్యాలు, ముహూర్తాలు, వాస్తు, ఎర్రచొక్కా బాబాలు, ఎవర్నీ వదలకుండా దులిపేశాను. వచ్చినవాళ్లలో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్లే. క్లాసులో కన్నా బుద్ధిగా విన్నారు. అంతా అయ్యాక ఒకడు లేచి, "మాస్టారూ, మేడం గారు మొన్ననే ఇచ్చేసేరండి. మీ పేరునే రాసేం. రసీదు ఇచ్చి ఎల్దామని వచ్చేం" అన్నాడు.

అక్కడితో ఆగిందా? తరవాత గుడి మెట్ల పక్కన నల్లరాతి పలక వేశారు. దాతల జాబితాలో నా పూర్తి పేరు, పక్కన ఎం.ఎస్సీ., బి.ఇడి., కింద 'ధర్మపత్నీ సమేతంగా' అని. నాస్తికుడి పేరు దేవుడి గోడకెక్కింది. చెరిపించమని గట్టిగా అడుగుదామనే వెళ్లాను. వెళ్లి, చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగి, ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా చెక్కారో లేదో చూసుకుని వచ్చాను. సరిగ్గానే చెక్కారు. డిగ్రీల దగ్గర చుక్కలు కూడా పెట్టారు.

రాతి మీద నా పేరుంది, నేనిచ్చానంటున్న డబ్బూ ఉంది. మొత్తం ఎంత పోగైంది, దేనికి ఖర్చయింది అన్నది మాత్రం ఎక్కడా లేదు. రసీదు ఇస్తారు, లెక్క చెప్పరు. కమిటీని ఆ ముక్క అడక్కుండా రాజ్యాంగం చెప్పి పంపానేమిటా అని అప్పుడప్పుడూ అనిపిస్తూ ఉంటుంది.

దేవుళ్లందరిలో నాకు కాస్త గురి కుదిరినవాడు ఒక్కడే, టెక్కలి దగ్గర రావివలసలో ఉన్న ఎండల మల్లికార్జునుడు. ఆయనకి పైకప్పు లేదు. ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ ఆరుబయటే ఉంటాడు. కార్తీక సోమవారం నాడు మా ఆవిడ బయల్దేరితే బండి తోలడం నా వంతు. దారిలో ఆవిడకి నా వాదన వినిపించాను. "చూశావా, ఆయనకి స్లాబు అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు. మన వీధిలో ఆయనకేమో స్లాబు మీద స్లాబు, ఆర్చి మీద ఆర్చి. దేవుడు అడిగాడా, కమిటీ అడిగిందా?"

"ఆయనకి ఎండ సుకం. మీకు పడదు కదా. ఆ చెట్టు నీడన కూకోండి. చెప్పులు చూస్తుండండి, బేగి వచ్చేస్తాను" అంది.

ఆ బేగి ఎంతసేపో మీకు చెప్పక్కర్లేదు. ఆ క్యూలో ఉన్న మా వీధి ఆడవాళ్లందరి చెప్పులూ నా చుట్టూనే వదిలారు. నమ్మకమైన మనిషినని కాబోలు. సిక్కోలు జిల్లాలో నాస్తికోద్యమం ఏ దశలో ఉందని ఎవరైనా అడిగితే, చెప్పుల దగ్గర కాపలా కాస్తోందని చెప్పండి.

నా గురువు గోరా. గోపరాజు రామచంద్రరావు. ఆయన పుట్టింది మన పలాస నుంచి రైల్లో పైకి పోతే తగిలే ఛత్రపురంలో, 1902లో. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకి మార్చారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టిన మనిషి. గాంధీతో దేవుడు లేడని వాదిస్తూనే ఆయన సేవాగ్రాం ఆశ్రమంలో కలిసి పనిచేశారు. కూతురికి దళిత యువకుడితో పెళ్లి నిశ్చయించి, 1948లో, గాంధీ పోయిన కొద్ది వారాలకే, ఆ సేవాగ్రాంలోనే జరిపించారు.

2019 డిసెంబర్ 26 పొద్దున్న సూర్యగ్రహణం వచ్చింది. ముందు రోజు రాత్రి మా ఆవిణ్ని కూచోబెట్టి గోరా గారి భార్య సరస్వతీ గోరా కథ చెప్పాను. ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టిందనీ, ఊరంతా భయపెడుతున్నా ఇంటిపనులు చేసుకుంటూ బయట తిరిగి గ్రహణం చూశారనీ, పిల్లలు నిక్షేపంగా పుట్టారనీ చెప్పాను. మా ఆవిడ శ్రద్ధగా విని, "మంచి గట్టి మనిషే ఆవిడ. మరి ఆ పూట మీరైతే ఏటి చేస్తారు?" అంది.

నేనేం చేస్తానో నాకు తట్టలేదు. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ పెరుగు మీదా పచ్చళ్ల మీదా దర్భలు వేసి, పొయ్యి ఆర్పి, "మీ ఉద్యమం మీరు వండుకోండి" అని వెళ్లి కూచుంది. నాకు టీ పెట్టడం తప్ప ఏదీ రాదు. వీధిలోకి పోతే హోటళ్లకి తాళాలు. చివరికి డబ్బాలో జీడిపప్పు దొరికింది. మూఢనమ్మకం మీద నేను చేసిన పోరాటం ఆ డబ్బా అడుగు కనిపించడంతో ముగిసింది. విడుపు అయ్యాక స్నానం చేసి వచ్చి, ఖాళీ డబ్బా చూసి, "పాయసానికి దాచేనండీ అది" అందావిడ.

మైకు గొడవ మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకులు మోగకూడదు. పండగలకి ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి మినహాయింపు వేరు. ఆ నిబంధనలు జిరాక్సు తీయించి సంబరాల రోజున పందిట్లోకి వెళ్లాను. కమిటీ పెద్ద కాగితం చదివి, "మంచి మాట మాస్టారూ. ఇది జనానికి మీరే మైకులో సెప్పండి" అని నా చేతికిచ్చాడు. నా గొంతు మీద నాకెప్పుడూ చులకన భావం లేదు. ఆ పెద్ద స్పీకర్లలో వింటే ఇంకా బావుంది. శబ్ద కాలుష్యం దగ్గర మొదలుపెట్టి గెలీలియో దాకా వచ్చాను. గెలీలియోని చర్చి విచారణకి ఈడ్చిన 1633 దగ్గర ఉండగా మా అమ్మాయి పందిరి గుంజ పక్కనుంచి చెయ్యి ఊపింది. "నాన్నా, పది దాటిపోయింది!"

మీరు హిందువుల్నే అంటారన్న నింద నాకు పడదు. స్వస్థత కూటాల వాళ్ల నూనె సీసాలూ, తాయెత్తులు కట్టేవాళ్ల బేరాలూ, అన్నిటి మీదా నాకు సమానమైన కోపం ఉంది. అన్ని చోట్లా నాకు సమానమైన గౌరవం కూడా ఉంది, అంటే ఎవరూ వినరు.

అసలు బాధ ఉద్దానం దగ్గర వస్తుంది. మా ఆవిడ పుట్టిల్లు వజ్రపుకొత్తూరు వైపు. కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఊరు. ఆ పచ్చదనం కిందే ఇంటింటా కిడ్నీ జబ్బు. డాక్టర్లు వచ్చారు, నీళ్లు పరీక్షించారు, నెత్తుర్లు తీసుకెళ్లారు, కారణం మాత్రం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. సైన్సు 'ఇంకా తెలీదు' అని నిజాయితీగా చెప్పిన చోట, 'నాకు తెలుసు' అనేవాడు దిగిపోతాడు. అమ్మవారి కోపమని ఒకడు, పూర్వజన్మ పాపమని ఒకడు, ప్రార్థన చేస్తే క్రియాటినిన్ దిగుతుందని ఇంకొకడు. మా ఆవిడ వాళ్ల బాబాయి మందులు మానేసి అలాంటి ఒకడి వెంట తిరిగి, ఒళ్లు వాచిపోయాక ఆసుపత్రికి వచ్చాడు. మతం మనిషి భయం మీద వ్యాపారం చేస్తుందని నేను అనే మాటకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ మాటే ఇంట్లో గట్టిగా అన్నాను. మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"వాడు దొంగే. కాదన్లేదు. మరి బాబాయిని డయాలసిస్‌కి తిప్పింది ఎవరు? మా భజన గుంపే. వంతులేసుకుని బస్సెక్కించేరు, కేరేజీలు కట్టేరు. తిత్లీ అప్పుడు కరెంటు లేక ఊరు ఊరంతా చీకట్లో ఉంటే గుడి మండపంలోనే వండి పెట్టేరు. మీ నాస్తికులు ఏటి పెట్టేరు?"

2018 అక్టోబర్ తిత్లీ తుఫానుకి నేను తుఫాను ఎలా పుడుతుందో చిన్న వ్యాసం రాశాను. అది చెప్పలేదు. ఇప్పుడైతే హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో నీళ్లు వస్తున్నాయనీ, 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారనీ, ఇవి దేవుడిచ్చినవి కావనీ అన్నాను. "నువ్వు కట్టించేవేటి?" అంది మా అమ్మాయి. గోరా దంపతుల నాస్తికత్వం నలుగురి మధ్యా పనిచేసింది. నాది వాలుకుర్చీలో పనిచేస్తుంది.

ఇక నవ్వుతూ చెప్పలేని సంగతి. 2025 నవంబర్ 1, శనివారం, కార్తీక ఏకాదశి. మా కాశీబుగ్గలోనే, వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగింది. తొమ్మిది మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లు, ఒక పిల్లాడు. అది ప్రైవేటు గుడి, దేవాదాయ శాఖ కింద లేదు. పట్టే జనం కన్నా ఎన్నో రెట్లు వచ్చారు. రావడానికీ పోవడానికీ ఒకటే దారి. మెట్ల దగ్గర రెయిలింగు విరిగింది. ప్రైవేటు కాబట్టి ఇలా అయిందనుకుందామా? అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. అక్కడ బోర్డుంది, సిబ్బంది ఉన్నారు, నిధులున్నాయి.

ఆ సాయంత్రం మా వీధిలో పొయ్యి వెలగని ఇళ్లున్నాయి. 'మరి మీ దేవుడేం చేశాడు' అన్న మాట నా నాలిక చివర సిద్ధంగా ఉంది. మా ఆవిడ నా మొహం చూసి కనిపెట్టేసింది.

"దేవుడు ఉన్నాడా లేడా అన్నది మీరు తరవాత తేల్చుకోండి. బయటికెళ్లే గేటు ఉందా లేదా, అది అడగండి ముందు" అంది.

జీవితమంతా నేను చదివిన పుస్తకాలు ఒక పక్కా, ఆ మాట ఒక పక్కా. దేవుడి ఉనికి గురించి నాలాంటివాళ్లం వాదించుకున్నంత కాలం కమిటీలకి హాయి. దేవుడి పేరు చెప్పి డబ్బు పోగేసేవాడినీ, జనాన్ని పోగేసేవాడినీ ఎవరూ ఏమీ అడగరు. అడిగితే నాస్తికుడంటారు. నేను అడిగితే వాళ్లకి మరీ సుఖం, ఎలాగూ నాస్తికుణ్నే కదా.

మన ఉద్దానంలో లెక్క అడగడం కొత్తేమీ కాదు. బొడ్డపాడు గుళ్లో అర్చకత్వం చేసిన సుబ్బారావు పాణిగ్రాహే జముకుల కథ చెప్పి భూస్వాముల్ని లెక్కలడిగాడు. 1969 డిసెంబర్లో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆయన తోవ సంగతి ఎలా ఉన్నా, గంట కొట్టే చెయ్యి ప్రశ్న అడగకూడదన్న రూలు లేదని మా ప్రాంతానికి తెలుసు.

మొన్న మా వీధి గుడి మీటింగుకి మా ఆవిడ వెళ్లింది. 51ఎ అధికరణం వివరంగా రాసిన కాగితం చేతిలో పెట్టి పంపాను. ఆవిడ దాన్ని తిరగేసి వెనక వైపు మూడు ముక్కలు రాసుకుంది. నిరుడు సంబరాలకి ఎంత వచ్చింది? మందుగుండుకీ మైకుకీ ఎంత పోయింది? రెండో దారి ఎప్పుడు? నేనడిగితే నవ్వే మనుషులు ఆవిడ అడిగేసరికి నీళ్లు నమిలారు. రోజూ దీపం పెట్టే మనిషిని నాస్తికురాలని అనలేరు కదా. లెక్క ఇంకా రాలేదు. ఉత్తరం గోడ మాత్రం పడగొట్టి గేటు పెట్టారు.

మీ ఊళ్లోనూ ఒక గుడో, చర్చో, దర్గానో ఉండే ఉంటుంది. నమ్మకం మీ ఇష్టం. చందా ఇచ్చే ముందు నిరుటి లెక్క అడగండి. జనం పోగయ్యే రోజు రాకముందే ఒకసారి వెళ్లి బయటికొచ్చే దారులు చూసి రండి. మీకు మొహమాటమైతే మీ ఆవిడని పంపండి. పని జరుగుతుంది.